ఖైదీ చెప్పిన కథలు

కేప్‌టౌన్ రేవులో అలల తాకిడిని ఆపే గోడ కోసం పందొమ్మిదో శతాబ్దంలో ఖైదీల చేత రాళ్లు కొట్టించేవారు. వాళ్లను ఉంచిన జైలు పేరు బ్రేక్‌వాటర్. 1870 నాటికి అందులో 28 మంది శాన్ తెగవాళ్లు ఉన్నారు. తెల్లవాళ్లు వాళ్లను బుష్‌మెన్ అని పిలిచేవారు. చాలామంది మీద ఉన్న నేరం పశువుల దొంగతనం. తాతముత్తాతల నుంచి వేటాడుకుంటూ బతికిన నేలను వలస రైతులు ఆక్రమించారు. నీటిగుంటల దగ్గర తుపాకులతో కాపు కాశారు. వేట జంతువులన్నింటినీ ఊడ్చిపెట్టేశారు. ఆకలికి తాళలేక ఎవరిదో ఒక గొర్రెనో ఎద్దునో కోసుకు తిన్నవాళ్ల కాళ్లకు సంకెళ్లు పడ్డాయి.

ఆ ఖైదీల్లో వయసు మళ్లిన ఒకాయన పేరు కబ్బో. శాన్ భాషల్లో ఒకటైన ఖామ్ మాట్లాడే మనిషి. ఉత్తర కేప్‌లోని ఎండు మైదానాల నుంచి చేతులు కట్టి ఆయన్ని తీసుకొచ్చారు. బండి వెంట నడిపించారు, దారిలో జైళ్లలో పెట్టారు, రోడ్డు పనికి పంపి రాళ్లు మోయించారు, చివరికి రైలెక్కించి కేప్‌టౌన్ చేర్చారు. ఈ ప్రయాణమంతా మనకు తెలుస్తోందంటే ఆయనే చెప్పాడు కాబట్టి. చెబుతుంటే ఒకరు రాసుకున్నారు కాబట్టి.

దక్షిణాఫ్రికా జానపద కథల సేకరణలో అతి పెద్ద అధ్యాయం మొదలైంది ఈ జైలు నుంచే. ఆ జైలు ఆవరణలో ఇప్పుడు కేప్‌టౌన్ విశ్వవిద్యాలయం వారి బిజినెస్ స్కూల్ నడుస్తోంది.

మౌబ్రేలో ఒక ఇల్లు

విల్హెల్మ్ బ్లీక్ జర్మన్ భాషా శాస్త్రవేత్త. 1827లో పుట్టాడు. ఆఫ్రికా భాషల మీద బాన్‌లో డాక్టరేట్ తీసుకుని 1855లో దక్షిణాఫ్రికా వచ్చాడు. తర్వాత కేప్‌టౌన్‌లో గవర్నర్ జార్జ్ గ్రే సేకరించిన గ్రంథాలయానికి సంరక్షకుడయ్యాడు. 1864లో ఖోయ్‌ఖోయ్ జనం చెప్పుకునే జంతు కథలను పుస్తకంగా అచ్చువేశాడు. అయితే ఆయన మనసంతా శాన్ భాష మీదే ఉండేది. ఆ భాష మాట్లాడేవాళ్లు రోజురోజుకూ తరిగిపోతున్నారని ఆయనకు తెలుసు. రైతుల ముఠాలు వాళ్లను వేటాడి చంపుతున్నాయని లూయీ ఆంథింగ్ అనే అధికారి 1863లోనే ప్రభుత్వానికి నివేదించాడు. నివేదిక ఫైల్లోకి చేరింది, చావులు ఆగలేదు.

జైల్లో ఉన్న శాన్ ఖైదీల సంగతి తెలియగానే బ్లీక్ ప్రభుత్వ అనుమతి తెచ్చుకున్నాడు. ముందు అకుంట అనే యువకుడు, 1871 ఫిబ్రవరిలో కబ్బో, కేప్‌టౌన్ శివారు మౌబ్రేలోని ఆయన ఇంటికి వచ్చారు. భాష నేర్పడం, కథలు చెప్పడం వాళ్ల పని. అదే సంవత్సరం కబ్బో శిక్షాకాలం ముగిసింది. అయినా ఆయన వెళ్లిపోలేదు. 1873 అక్టోబరు దాకా ఉండి కథలు చెబుతూనే వచ్చాడు.

ఎందుకున్నాడు? కారణాలు రెండు కనబడతాయి. తమ కథలు పుస్తకాల ద్వారా లోకానికి తెలుస్తాయన్న ఊహ కబ్బోకు ఎంతో సంతోషాన్నిచ్చిందని ఆ ఇంట్లోవాళ్లే రాశారు. రెండోది, ఇంటికి వెళ్లేటప్పుడు తనకొక తుపాకీ ఇస్తామన్న మాట. తుపాకీ ఉంటే ఎవరినీ అడుక్కోకుండా కుటుంబానికి తిండి సంపాదించుకోవచ్చు. ఆ మాట కోసం ఎదురుచూశాడు. ఊరి మీద బెంగ పడ్డాడు. తనవాళ్లందరూ ఒకరి గుడిసెల్లో ఒకరు కూర్చుని చెప్పుకునే కథలు వినాలని ఉందని కూడా రాయించాడు. పరాయి ఊళ్లో చెప్పేవాడు తానొక్కడే, తనకు చెప్పేవాళ్లెవరూ లేరు.

ఆ మాటలు రాసుకున్నది బ్లీక్ మరదలు లూసీ లాయిడ్. ఈ కథలో అసలు బరువంతా మోసింది ఆవిడే అని నా అభిప్రాయం. బ్లీక్ దృష్టి ఎక్కువగా వ్యాకరణం మీద, నిఘంటువు మీద ఉండేది. నోటు పుస్తకాల్లో సింహభాగం నింపింది లూసీ. ఆ పుస్తకాలు చూస్తే ఆమె పనితనం అర్థమవుతుంది. కుడివైపు పేజీని రెండు నిలువు వరుసలుగా విడగొట్టి ఒకదాంట్లో ఖామ్ మాటలు, పక్కన ఇంగ్లీషు అర్థం రాసేది. ఎదురుగా ఉన్న ఎడమ పేజీని వివరణల కోసం ఖాళీగా ఉంచేది. కథలో ఒక మొక్క పేరో, ఆచారమో వస్తే దాని గురించి తర్వాత అడిగి అక్కడ చేర్చేది. ఎవరు చెప్పారు, ఏ రోజు చెప్పారు, వాళ్లు ఆ కథను ఎవరి దగ్గర విన్నారు, అమ్మ దగ్గరా అమ్మమ్మ దగ్గరా, అన్నీ నమోదు చేసింది.

ఇదంతా ఏ భాషలో? ఎడ్లను అదిలించేటప్పుడు బండివాడు బుగ్గలోంచి తీసే చప్పుడు లాంటివి ఆ భాషలో హల్లులుగా ఉంటాయి. అలాంటి చప్పుళ్లు ఒకటి కాదు, ఐదు రకాలు. వాటిని రాయడానికి గీతలు, ఆశ్చర్యార్థకాల వంటి గుర్తులు వాడారు. ఆ భాషకు అప్పటికి పాఠ్యపుస్తకం లేదు, గురువులంటే జైలు నుంచి వచ్చినవాళ్లే.

చెప్పులోంచి పుట్టిన దుప్పి

వాళ్లు చెప్పిన కథల్లో తరచూ కనబడేది కాగెన్. గొల్లభామ పురుగు పేరున్న వింత దేవుడు. సృష్టికర్తా ఆయనే, అల్లరివాడూ ఆయనే, దెబ్బలు తినేదీ ఆయనే. ఒకసారి అల్లుడి చెప్పు ముక్క తీసుకుపోయి నీటిమడుగులో నానేశాడు. అందులోంచి ఈలాండ్ అనే పెద్ద దుప్పి పుట్టింది. కాగెన్ దానికి తేనె తినిపించి, ఒంటికి తేనె రాసి నిమిరి ముద్దుగా పెంచాడు. ఇంటికి తేనె రావడం మానేసింది. ఇంట్లోవాళ్లకు అనుమానం వచ్చి మనవడు ముంగిసను వెంట పంపారు. గుట్టు రట్టయింది. అల్లుడు వెళ్లి దుప్పిని చంపి కోశాడు. కాగెన్ దుఃఖంతో, కోపంతో దాని పిత్తాశయాన్ని పొడిస్తే అది పగిలి కళ్ల నిండా చీకటి కమ్మింది. తడుముకుంటూ ఒక వస్తువును ఆకాశంలోకి విసిరాడు, అది చంద్రుడై వెలుగునిచ్చింది. కొందరు చెప్పినదాని ప్రకారం అది పక్షి ఈక, కొందరు చెప్పినదాని ప్రకారం చెప్పు. రెండు రకాలూ నోటు పుస్తకాల్లో ఉన్నాయి. ఏది సరైనదని తేల్చి ఒకదాన్ని కొట్టేయకపోవడం ఆ సేకరణలోని గొప్పతనం.

ఇంకో కథలో ఒక ఆడపిల్ల పొయ్యిలోని బూడిదను దోసిటితో ఆకాశంలోకి చల్లుతుంది, అది పాలపుంత అవుతుంది. మరోదాంట్లో సూర్యుడు ఒకప్పుడు నేల మీద పడుకుని ఉండే ముసలాయన. వెలుగు ఆయన చంకలోంచి వస్తుంది, చేయెత్తితేనే చుట్టూ పగలు. అమ్మలు పిల్లలకు చెప్పి పంపుతారు. పిల్లలు చప్పుడు చేయకుండా వెళ్లి నిద్రపోతున్న ఆయన్ని అమాంతం ఎత్తి ఆకాశంలోకి విసిరేస్తారు. లోకానికంతటికీ వెలుగు వస్తుంది, ఆరబెట్టిన చీమగుడ్లు ఎండుతాయి. చీమగుడ్లు వాళ్ల ఆహారం. సూర్యుడు ఆకాశానికి ఎక్కడంలో ఇంటి తిండి లెక్క ఉండటం చూస్తే, ఈ కథలు ఆకలి తెలిసినవాళ్లు చెప్పినవని తెలుస్తుంది.

బ్లీక్ 1875 ఆగస్టులో చనిపోయాడు. ఆ తర్వాత కొన్ని నెలలకే, 1876 జనవరిలో, కబ్బో పోయాడు. లూసీ ఆగలేదు. డియాక్వైన్, కబ్బో అల్లుడు హాన్‌కాస్సో, ఉత్తరాది నుంచి వచ్చిన కుంగ్ తెగ పిల్లలు నలుగురు, ఇలా ఒకరి తర్వాత ఒకరి దగ్గర రాసుకుంటూ వెళ్లింది. బావగారి గ్రంథాలయ ఉద్యోగాన్ని సగం జీతానికి ఆమెకిచ్చారు, 1880లో అదీ తీసేశారు. పుస్తకం వేయడానికి ప్రచురణకర్తలు దొరకలేదు. బ్లీక్ పోయిన 36 ఏళ్లకు, 1911లో, లండన్‌లో సంకలనం వెలువడింది. 1914లో ఆమె కన్నుమూసింది. మొత్తం నోటు పుస్తకాలు 12,000 పేజీలకు పైనే. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలకే ఖామ్ మాట్లాడేవాళ్లు లేకుండా పోయారు. ఒక జాతి ఊహించినదంతా ఇప్పుడు ఆ పేజీల్లో ఉంది.

దీన్నంతా పొగడ్తలతోనే ముగించడం న్యాయం కాదు. బ్లీక్ తన కాలపు మనిషి. జాతుల్ని మెట్లుమెట్లుగా పేర్చి చూసే శాస్త్రాన్ని నమ్మాడు. లండన్ నుంచి శాస్త్రవేత్త హక్స్‌లీ అడిగితే బ్రేక్‌వాటర్ ఖైదీలను నగ్నంగా, పక్కన కొలబద్ద పెట్టి ఫొటోలు తీయించడంలో పాలుపంచుకున్నాడు. ఒకే మనిషి ఒకచోట ఎదుటివాడి పక్కన కొలబద్ద పెట్టించాడు, మరోచోట అతని కథను అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నాడు. రెండూ గుర్తుండాలి.

జులూ కథలు, జాంజిబార్ కోతి

అదే రోజుల్లో నేటాల్ ప్రాంతంలో హెన్రీ కాలవే అనే డాక్టరు, క్రైస్తవ మత ప్రచారకుడు జులూ కథలు సేకరించాడు. భాష నేర్చుకోవడానికి మొదలుపెట్టిన పని కాస్తా 1868లో పెద్ద పుస్తకమైంది. ఒక పక్క జులూ, ఒక పక్క ఇంగ్లీషు. ఆయనకు ప్రధాన సహాయకుడు ఉంపెంగులా ఎంబండా. పుస్తకాన్ని స్ప్రింగ్‌వేల్‌లోని సొంత ముద్రణాలయంలో అచ్చువేస్తే అక్షరాలు కూర్చింది జులూ యువకులే. ఈ కథల ఖజానా ఆడవాళ్ల దగ్గరుందని, మగవాళ్లకు అంతగా తెలియదని కాలవే గమనించాడు. గమనించినంత మాత్రాన ఆ ఆడవాళ్ల పేర్లు అట్ట మీదికి రాలేదు.

1870లో మరో మతాధికారి ఎడ్వర్డ్ స్టీర్ జాంజిబార్‌లో సేకరించిన స్వాహిలీ కథలతో పుస్తకం తెచ్చాడు. అందులో ఒక కథ తెలుగువాళ్లు ఎవరు విన్నా ఉలిక్కిపడతారు. నీళ్లలో ఒక సొరచేప, చెట్టు మీద ఒక కోతి, ఇద్దరికీ స్నేహం. కోతి పళ్లు విసిరితే సొరచేప తింటుంది. ఒకరోజు సొరచేప కోతిని వీపు మీద ఎక్కించుకుని నడిసముద్రంలోకి తీసుకెళ్లి, మా సుల్తానుకు జబ్బు చేసింది, కోతి గుండె కావాలి అంటుంది. అయ్యో, ముందే చెప్పకూడదా, మా గుండెలు చెట్టు మీద పెట్టి వస్తామే అంటుంది కోతి. మన పంచతంత్రం నాలుగో తంత్రంలోని కోతి, మొసలి కథే అది. దాని వెంటే చెవులూ గుండే లేని చాకలివాడి గాడిద కథ కూడా అదే పుస్తకంలో కనబడుతుంది. అదీ నాలుగో తంత్రంలోదే. హిందూ మహాసముద్రం మీద ఓడల రాకపోకలు శతాబ్దాలుగా ఉన్నాయి. ఓడల్లో బట్టలతో, పూసలతో పాటు కథలూ ప్రయాణించాయి. మొసలి సొరచేప అయింది.

సాలీడు కొనుక్కున్న కథలు

పడమటి తీరానికి వెళితే ఇప్పటి ఘనాలో అశాంతి జనం. అక్కడ కథానాయకుడు క్వాకు అనాన్సి, అంటే సాలీడు. ఆ కథలను శ్రద్ధగా సేకరించినవాడు రాబర్ట్ సదర్లాండ్ రాట్రే. స్కాట్లాండ్ దంపతులకు మన దేశంలోనే 1881లో పుట్టాడు. బ్రిటిష్ ప్రభుత్వ అధికారిగా అశాంతి ప్రాంతంలో పనిచేస్తూ వాళ్ల భాషను, ఆచారాలను లోతుగా చదివాడు. 1930లో ఆయన తెచ్చిన కథల పుస్తకంలో ఒక పక్క ట్వీ భాషలో కథ, ఎదురుగా ఇంగ్లీషు. బొమ్మలు వేసింది స్థానిక ఆఫ్రికన్ చిత్రకారులు.

అందులో ప్రసిద్ధమైన కథ, కథలు ఎవరి సొత్తు అన్నదాని గురించే. మొదట కథలన్నీ ఆకాశదేవుడు న్యాంకోపోన్‌వి. వాటిని కొంటానని అనాన్సి వెళ్లాడు. కొండచిలువ, చిరుత, కందిరీగల గుంపు, అడవిలోని మరుగుజ్జు ఆడమనిషి, ఇవి తెచ్చివ్వాలన్నాడు దేవుడు. పెద్దపెద్ద రాజ్యాలే కొనలేకపోయిన సరుకు ఈ పీలమనిషికి సాధ్యమా అని అందరి అనుమానం. అనాన్సి ఇంటికొచ్చి భార్య అసోకు చెప్పాడు. ఉపాయం చెప్పింది ఆమె. తాటిమట్టా, తీగా పట్టుకుని ఏటిగట్టున తమలో తాము వాదులాడుకున్నట్టు నటించారు, ఇది కొండచిలువకంటే పొడుగు, కాదు పొట్టి అని. కొండచిలువ వచ్చి కొలుచుకోమంది. కొలిచే నెపంతో కట్టిపడేశారు. తర్వాత సొరకాయ బుర్రలో నీళ్లు తెచ్చి కందిరీగల మీద కొన్ని, తన మీద కొన్ని చల్లుకుని, వాన పడుతోంది ఇందులో దూరండి అని అదే బుర్ర చూపించాడు. చిరుతకు గొయ్యి తవ్వాడు. చివరికి ఒక చెక్కబొమ్మకు జిగురుపాలు పూసి, ముందు కందగడ్డ ముద్ద పెట్టి కూర్చోబెట్టాడు. మరుగుజ్జు వచ్చి ముద్ద తిని కృతజ్ఞత చెప్పింది. బొమ్మ పలకలేదు. కోపంతో చెంపమీద కొట్టింది, చేయి అతుక్కుంది. ఆకాశదేవుడు పెద్దలందరినీ పిలిపించి, ఇక నుంచి ఇవి సాలీడు కథలు అని ప్రకటించాడు. తర్వాత వచ్చిన కొన్ని పిల్లల పుస్తకాల్లో అసో కనబడదు, తెలివంతా అనాన్సిదే అవుతుంది. రాట్రే రాసుకున్న పాఠం ఉండబట్టి ఆమె మిగిలింది.

ఈ కథలు రాత్రిపూటే చెప్పుకునేవారని, మామూలు వేళల్లో పల్లెత్తు మాట అనలేని పెద్దలను, దేవతలను సైతం కథ చాటున వెక్కిరించేవారని రాట్రే రాశాడు. బానిసలుగా అమ్ముడుపోయిన జనంతో పాటు అనాన్సి అట్లాంటిక్ దాటాడు. జమైకాలో, సురినామ్‌లో ఈరోజుకీ ఉన్నాడు. జమైకాలో ఆ కథలను మార్తా బెక్‌విత్ సేకరించి 1924లో ప్రచురించింది. జిగురుబొమ్మ అమెరికాలో నల్లవాళ్లు చెప్పుకునే కుందేలు కథల్లోకి చేరింది. ఆ బొమ్మ అసలు జాతక కథల నుంచి, అంటే భారతదేశం నుంచి వెళ్లిందని జోసెఫ్ జేకబ్స్, ఎస్పినోసా వంటి పండితులు వాదించారు, ఆఫ్రికాదేనని మరికొందరు పట్టుబట్టారు. పుట్టిల్లు ఎక్కడన్న ఈ తగవు తేలేది కాదు, తేల్చి సాధించేదీ లేదు. బానిస ఓడలో సంకెళ్ల మధ్య బతికిన కథ అన్నది చాలా పెద్ద సంగతి.

అట్ట మీదికి వచ్చిన పేర్లు

ఇరవయ్యో శతాబ్దం నడుమకు వచ్చేసరికి ఆఫ్రికావాళ్లే ఈ పనిని చేతుల్లోకి తీసుకున్నారు. సెనెగల్‌కు చెందిన బిరాగో డియోప్ పశువైద్యుడు. ఆయన 1947లో వేసిన కథల పుస్తకానికి తమ కుటుంబ గ్రియో అమాదు కుంబా పేరే పెట్టాడు. గ్రియో అంటే వంశ చరిత్రలు, కథలు తరతరాలుగా నోటితో కాపాడే కులవృత్తి మనిషి. తెలంగాణ, ఆంధ్ర పల్లెల్లో కులపురాణాలు గానం చేసే ఆశ్రిత కులాలవారిని చూసినవాళ్లకు ఆ బంధం వెంటనే తెలుస్తుంది. గినీ చరిత్రకారుడు జిబ్రిల్ తమ్‌సిర్ నియానే 1960లో సుంజాత వీరగాథను ప్రచురిస్తూ ఈ పుస్తకం తనదానికన్నా మామూదు కుయాటే అనే గ్రియోదే అని ముందుమాటలో ఒప్పుకున్నాడు. నైజీరియా కవి జె.పి. క్లార్క్, ఏడు రాత్రులు సాగే ఓజిడి గాథను 1977లో ప్రచురించినప్పుడు, చెప్పిన ఒకాబూ ఓజొబోలో పేరును ముఖపత్రం మీదే పెట్టాడు.

మాలీకి చెందిన అమాదు హంపాతే బా జీవితమంతా ఈ పనికే ఇచ్చాడు. 1942 నుంచి డాకర్‌లోని పరిశోధన సంస్థలో ఉద్యోగం చేస్తూ ఫులాని, బంబారా సంప్రదాయాలను పోగుచేశాడు. యునెస్కో వేదిక మీద 1960లో ఆయన చేసిన విన్నపం ఒక్కటే. ముసలివాళ్లు పోతున్నారు, వాళ్లతోపాటు రాయని విద్య అంతా పోతోంది, త్వరపడండి. 1968లో నైరోబీ విశ్వవిద్యాలయంలో న్గూగీ వా థియోంగో, ఓవూర్ అన్యుంబా, తాబాన్ లో లియాంగ్ కలిసి ఇంగ్లీషు శాఖనే తీసేసి ఆఫ్రికా సాహిత్యాన్ని కేంద్రంలో పెట్టాలని, అందులో మౌఖిక సాహిత్యానికి చోటివ్వాలని పత్రం రాశారు.

బయటివాళ్లలోనూ చూపు మారింది. సియెరా లియోన్‌లో లింబా జనం మధ్య పనిచేసిన రూత్ ఫినెగన్ 1970లో తన పెద్ద గ్రంథంలో చెప్పింది వినడానికి చిన్న మాట. కథ అంటే చెప్పేవాళ్ల గొంతు, చేతులు, వినేవాళ్ల ఊకొట్టడం అన్నీ కలిపి. ఇవేవీ అచ్చులోకి రావు. అచ్చులో బోసిగా కనబడే ఒకే వాక్యం, చెప్పేటప్పుడు పాటగా పదిసార్లు మళ్లీ మళ్లీ వస్తుంది. అది తెలియకనే పాత సేకర్తలు ఇవి పిల్లకాయల కథలని తేలిగ్గా తీసిపారేశారు.

అమెరికా ప్రొఫెసర్ హెరాల్డ్ షూబ్ టేపు రికార్డరు భుజాన వేసుకుని ఆఫ్రికా దక్షిణ ప్రాంతాల్లో 6,000 మైళ్లకు పైగా కాలినడకన తిరిగాడు. ఖోసా పల్లెల్లో ఆయనకు దొరికిన మహా కథకురాలు నొంగెనిలే మసితాతు జెనాని. ఆమె వైద్యం కూడా చేసేది. 1992లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం ప్రచురించిన ఆమె కథల పుస్తకం మీద రచయితగా ఉన్నది ఆమె పేరు. షూబ్ పేరు సేకర్తగా, సంపాదకుడిగా ఉంది. కబ్బో ఆశపడిన పుస్తకం 1911లో వచ్చినప్పుడు దాని అట్ట మీద సేకర్తల పేర్లే ఉన్నాయి. లూసీ లోపల కథకథకూ చెప్పినవాళ్ల పేర్లు రాసింది. ఆ లోపలి పేరు రచయిత పేరుగా బయటికి రావడానికి మరో 80 ఏళ్లు పట్టింది.

బ్లీక్, లాయిడ్ నోటు పుస్తకాలను 1997లో యునెస్కో ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది. 2000లో దక్షిణాఫ్రికా కొత్త రాజచిహ్నం తయారుచేసుకున్నప్పుడు దాని మీద నినాదాన్ని ఖామ్ భాషలోనే రాసుకుంది. నోటు పుస్తకాల పేజీలను స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టారు, డబ్బు కట్టనవసరం లేకుండా ఎవరైనా చదవచ్చు.

ఆఫ్రికా జానపద కథలు అనే పేరుతో పిల్లల పుస్తకాలు ఇప్పుడు తెలుగులోనూ దొరుకుతున్నాయి. ఆఫ్రికా ఒక దేశం కాదు, యాభైకి మించిన దేశాలు, వేల భాషలు. పుస్తకం కొనేముందు ఒక్కసారి లోపలి పేజీలు తిప్పి, ఈ కథ ఏ జనానిది, ఎవరు చెప్పారు, ఎవరు రాసుకున్నారు అన్నది ఉందో లేదో చూడండి. లేకపోతే ప్రచురణకర్తకు ఒక ఉత్తరం రాయండి. అనువాదకులారా, మీరు కథ కింద ఆ మూడు వివరాలూ వేయండి. అందుకు పట్టే చోటు ఒక్క పంక్తి.